చెవుడు మాకు జబ్బు కాదు

ఆసుపత్రి కాగితంలో ఒక ప్రశ్న ఉంది: పేషెంటుకు ఇంతకు ముందు నుంచి ఏమైనా జబ్బులున్నాయా? లేవన్నాను. బీపీ? లేదు. షుగర్? లేదు. గుండె? గుండెకేం, గుండ్రాయిలా ఉంది అన్నాను. రాసుకునే మనిషి తల ఎత్తకుండా గళ్ళన్నింటిలోనూ అడ్డగీతలు పెట్టేశాడు. బాపును, అంటే మా నాన్నను, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి తోసుకుపోయారు. నన్నూ తమ్ముడినీ గేటు బయటే ఆపేశారు.

మా బాపుకు అప్పటికి పదేళ్ళ నుంచి చెవులు వినపడవు. అది చెప్పాలని నాకు తోచనే లేదు. దాచాలన్న ఆలోచనా లేదు. మా గల్లీలో యాభై దాటిన మగవాళ్ళలో చెవులు సరిగా పనిచేసేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ముప్పై నలభై ఏళ్ళు సాంచల మధ్య నిలబడితే చెవులు పోతాయి. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. ఒక్కొక్క రేకుల షెడ్డులో నలభై, యాభై సాంచలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే ఏ చెవులు నిలుస్తాయి? వయసైతే జుట్టు నెరుస్తుంది, సాంచ నడిపితే చెవులు పోతాయి. నెరిసిన జుట్టును ఎవరైనా జబ్బుల గడిలో రాయిస్తారా?

బాపు సిరిసిల్ల దిక్కు నుంచి పదహారేళ్ళప్పుడు సూరత్ వచ్చాడు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే, నవాగామ్‌లో. మా అవ్వ, అమ్మను మేం అలాగే అంటాం, పోయి చాలా ఏళ్ళయింది. నా పెళ్ళయ్యాక కూడా అదే గల్లీలో నాలుగిళ్ళ అవతల కాపురం. బాపు తమ్ముడి దగ్గర ఉన్నా ఆయన మంచీచెడ్డా నాదే. తమ్ముడు మెత్తటివాడు. ఎవరేమన్నా తల ఊపుతాడు. నేనలా కాదు. "దీని నోట్ల నోరు పెట్టి గెలిచేటోడు ఇంక పుట్టలే" అని అవ్వ నాకు పదేళ్ళు నిండకముందే తేల్చేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని కూడా ఆవిడే చెప్పేది. ఊరు మంచిదైతే నా నోరూ మంచిగానే ఉంటుంది కదా అని నేననేదాన్ని.

బాపు చెవుడు మాట ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. ఆయన ఒప్పుకోడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెతను మా ఇంట్లో సరదాకు కూడా వాడరు. అందులో గర్వం కొంత, భయం కొంత. సాంచలో ఏదైనా తేడా వస్తే ముందు శబ్దం మారుతుంది. ఆ మార్పు పట్టుకోలేనివాడికి ఏ సేఠూ పన్నెండు సాంచలు అప్పగించడు. బాపు మాత్రం అరికాళ్ళతో పట్టుకునేవాడు. చెప్పులు విప్పి పనిచేసేవాడు. నేల అదురులో తేడా వస్తే ఏ సాంచ దగ్గర ఏమైందో తిరిగి చూడకుండానే తెలిసేది ఆయనకు.

పెళ్ళి కాకముందు నేను కూడా ఆయన కార్ఖానాలోనే ఓ మూల కూర్చుని నూలు కండెలు చుట్టేదాన్ని. అక్కడ చెవిలో నోరు పెట్టి అరిచినా మాట వినపడదు. అందుకే అందరూ పెదవులు చూస్తారు, చేతులతో చెప్పుకుంటారు. బొటనవేలు పెదవికి తాకిస్తే నీళ్ళు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగింది. పిడికిలి గుండ్రంగా తిప్పితే ఆపకు, నడవనియ్యి. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నేల చూపిస్తే నేనిక్కడే ఉన్నాను, నువ్వు పో. ఇంకొక కట్టుబాటు ఉంది, అది అన్నిటికంటే పెద్దది. సాంచ దగ్గర ఉన్న మనిషిని వెనక నుంచి ముట్టుకోకూడదు. ఉలిక్కిపడితే చెయ్యి సాంచలో పడుతుంది. ఇనుప చట్టం మీద రెండుసార్లు తట్టాలి, ఆ అదురు అతని చేతికి అందాలి, అప్పుడు ముందుకొచ్చి మొహం చూపించి మాట్లాడాలి. వెనక నుంచి భుజం తట్టినవాడిని, వాడు సేఠ్ కొడుకైనా సరే, మా బాపు మోచేత్తో పొడిచి గానీ తిరిగి చూడడు.

అలా పెరిగిన నోళ్ళు మావి. బయటికొచ్చినా గొంతు తగ్గదు. కూరగాయల బండి దగ్గర టమాటాల ధర అడిగితే కొట్లాటనుకుని జనం ఆగి చూస్తారు. ఆసుపత్రి కథ మొదలయ్యే నాటికి నాకు గొంతు తగ్గించి మాట్లాడటం తెలియదు. దాని అవసరం కూడా ఎప్పుడూ రాలేదు.

మొదటి లాక్‌డౌన్ అయిపోయి సాంచలు మళ్ళీ తిరిగినప్పుడు అందరి మొహాలకూ మాస్కులొచ్చాయి. కార్ఖానాలో అందరూ వాటిని గడ్డం కిందికి లాక్కున్నారు, లేకపోతే పని సాగదు. బయట మాత్రం బాపు మెల్లగా ఒంటరివాడయ్యాడు. కిరాణా కొట్టులో, బస్సులో, గల్లీ మొగదల, ఎవరేం మాట్లాడినా మాస్కు వెనకే. ఆయన తల ఊపేసి వచ్చేసేవాడు. ముసలితనం వచ్చి మాటలు తగ్గాయనుకున్నాం. పెదవులు కనపడకే అని ఇంతమందిమి ఉండి ఒక్కరమూ గమనించలేదు. ఇప్పుడు తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండో ఏడు, ఎండలు ముదురుతున్నప్పుడు, బాపుకు జ్వరం వచ్చింది. నాలుగో రోజుకు ఊపిరి అందలేదు. వేలికి పెట్టి చూసే మిషన్ గల్లీకంతా ఒకటే ఉంటే తెచ్చి చూశాం. ఎనభై ఆరు చూపించింది. పెద్ద ఆసుపత్రుల దగ్గర అంబులెన్సులు వరస కట్టి ఉన్నాయి. చివరికి ఎవరో చెబితే ఒక పెళ్ళిళ్ళ హాలుకు తీసుకెళ్ళాం. ఏదో సమాజం వాళ్ళు కుర్చీలు తీసేసి మంచాలు వేసి, ఆక్సిజన్ పెట్టి, ఇద్దరు ముగ్గురు డాక్టర్లతో, కొంతమంది సిస్టర్లతో నడుపుతున్నారు. అక్కడ ఒక మంచం దొరకడమే మా అదృష్టం. ఆ అదృష్టం కంగారులోనే నేను ఆ కాగితానికి జవాబులు చెప్పాను.

మర్నాడు ఫోనొచ్చింది. మీ పేషెంటు ఆక్సిజన్ మాస్కు పీకి పారేస్తున్నాడు, సిస్టర్‌ను మోచేత్తో కొట్టాడు, మతి సరిగా లేదు, వచ్చి సంతకం పెట్టండి అన్నారు. తమ్ముడి బండి మీద ఇద్దరం వెళ్ళాం. హాలు ముందు షామియానా వేసి ఒక బల్ల పెట్టారు. దాని చుట్టూ మాలాంటివాళ్ళు వందమంది ఉన్నారు. బల్ల దగ్గరి మనిషి ఒక గుజరాతీ కాగితం మా ముందుకు తోశాడు. నేను ఏడో తరగతి దాకా గుజరాతీ బడిలోనే చదివాను, చదవగలను. పేషెంటుకు మతిస్థిమితం లేదు, చేతులు కట్టడానికి కుటుంబం ఒప్పుకుంటోంది, ఏం జరిగినా మాదే బాధ్యత. ఒప్పుకోకపోతే ఇంటికి తీసుకుపోవచ్చు.

తమ్ముడు పెన్ను అందుకున్నాడు. నేను లాక్కున్నాను.

తర్వాత నేనేం మాట్లాడానో అక్షరం అక్షరం గుర్తులేదు. మా బాపుకు పిచ్చా, నీకు పిచ్చా, నీ తాతకు పిచ్చా అని మొదలుపెట్టినట్టు మాత్రం గుర్తు. తెలుగులో మొదలై హిందీలోకి పోయి గుజరాతీలో పూర్తయింది. నా లెక్కలో అది కొంచెం గట్టిగా మాట్లాడటమే. వాళ్ళ లెక్కలో అది గొడవ. బల్ల దగ్గరి మనిషి లేచి నాలుగడుగులు వెనక్కి పోయాడు. గేటు మనిషి కర్ర పట్టుకుని వచ్చాడు, అతని వెనకే పోలీసతను. ఇంకొక్క మాట మాట్లాడితే చౌకీకి తీసుకెళ్తానని చెప్పి నన్ను తాడు అవతలికి, రోడ్డు మీదికి తోసేశారు. నేను ఎండలో నిలబడి ఆ హాలు వైపే చూస్తూ ఉండిపోయాను. ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంటలో న్యాయం లేదని ఇప్పటికీ అనుకోను.

అరగంటకు తమ్ముడు బయటికొచ్చాడు. మొహం చూడగానే అర్థమైంది, సంతకం పెట్టేశాడు. నవాగామ్ వచ్చేదాకా బండి మీద వాడిని తిడుతూనే ఉన్నాను. గల్లీ మొగదల బండి ఆపి వాడు ఒకే మాట అన్నాడు.

"నువ్వు ఒర్రినవ్. నేను సంతకం పెట్టిన. మంచం వోతే బాపు బతుకుతడా అక్కా? ఎవలో ఒకలం ఏదో ఒకటి చెయ్యాలె గదా."

నేను బండి దిగి చరచరా ఇంటికి నడిచాను. ఎదుటివాడి మాట నిజమైనప్పుడు నాకు ఇంకా ఎక్కువ కోపం వస్తుంది.

మర్నాడు పొద్దున నేనొక్కదాన్నే వెళ్ళాను. మా ఆయన సూరత్‌లోనే ఉన్ అనే చోట కార్ఖానాలో తన షిఫ్టు మానుకుని పిల్లల దగ్గర ఉన్నాడు. ఆ హాలులో రోజూ పొద్దున పేషెంట్లను ఫోన్లో చూపించేవాళ్ళు. లోపల ఒకరు ఫోను పట్టుకుని మంచం మంచానికీ తిరుగుతారు, బయట షామియానా కింద మనం చూడాలి, ఒక్కొక్కరికి ఒక్క నిమిషం. నా వంతు వచ్చింది. బాపు కనిపించాడు. రెండు మణికట్లూ బ్యాండేజీ గుడ్డతో మంచం పట్టీలకు కట్టేసి ఉన్నాయి. మొహం మీద ఆక్సిజన్ మాస్కు, దాని వెనక నోరు ఏదో అంటోంది. కళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి. నలభై ఏళ్ళు సాంచల నడుమ ఎప్పుడూ భయపడని మనిషి కళ్ళు అవి.

నేను మాట్లాడాను. ఆయన నా వైపు చూశాడు గానీ ఏమీ అందలేదు. అప్పుడు నేను నా మాస్కు కిందికి లాగాను. పక్కనున్నవాళ్ళు కేకలు వేశారు, గేటు మనిషి పరిగెత్తుకొచ్చాడు. వాళ్ళ భయం వాళ్ళది, తప్పని నేననను, కానీ మాస్కు పైకి లాగలేదు. గొంతు లేకుండా, పెదవులతో మాత్రమే అన్నాను: బాపూ, నేను. ఈడనే ఉన్న.

ఆయన కళ్ళు ఆగాయి. నా నోటి మీద ఆగాయి. భుజాలు దిగాయి. అంతలో నిమిషం అయిపోయింది, ఫోను పక్క మంచానికి పోయింది.

గేటు మనిషి తిడుతున్నాడు. నేను వింటున్నానో లేదో నాకే తెలియదు. షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాను. లోపల అందరి మొహాలూ మూసి ఉన్నాయి. తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి సంచుల్లో ఉన్న మనుషులు వెనక నుంచి వస్తున్నారు, ముట్టుకుంటున్నారు, మూతులు కనపడకుండా ఏదేదో చెబుతున్నారు. బాపు ఉలిక్కిపడి మోచెయ్యి విసురుతున్నాడు. అది పిచ్చి అనుకుంటున్నారు. వాళ్ళకెలా తెలుస్తుంది? కాగితంలో నేను రాయించినదాన్ని బట్టి ఆయన చెవులు శుభ్రంగా వినపడే మనిషి. నిన్న తమ్ముడు తల ఊపాడు, నేను అరిచాను. ఇద్దరం కలిసి ఒక్కసారి కూడా మా బాపుకు చెవుడు అని చెప్పలేదు.

తర్వాత చాలా కాలానికి మా ఆయన కార్ఖానా గోడ మీద ఎవరో ఒక కాగితం అంటించారట. కోపం వస్తే పది లెక్కపెట్టండి అని. నేను లెక్కపెట్టి చూశాను. పది దగ్గరికొచ్చేసరికి నా కోపం ఇంకా బాగా తయారై కూర్చుంది. ఆ రోజు షామియానా కింద నా కోపం తగ్గలేదు. అది తగ్గి ఉంటే ఇంటికి పోయి ఏడుస్తూ పడుకునేదాన్ని. దాన్ని అలాగే పెట్టుకుని, ఎవరికి ఏ మాట చెబితే బాపు చేతులు విడతాయి అని మాత్రం ఆలోచించాను.

పదకొండింటికి ఒక సిస్టర్ బయటికొచ్చింది. ఆ తెల్లసంచి విప్పేసి, వేపచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నలభై ఐదేళ్ళుంటాయి, గుజరాతీ మనిషి. ముక్కు మీద, బుగ్గల మీద మాస్కు ఒత్తుకుపోయిన గుంటలు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. ఎడమ మోచేతి పైన కమిలిన మచ్చ. బాపు మోచెయ్యి అక్కడే తగిలిందని నాకు చూడగానే తెలిసింది. ఆవిడ కూర్చోగానే నలుగురు వెనక నుంచి చుట్టుముట్టారు. ఒకాయన భుజం మీద చెయ్యి కూడా వేశాడు. ఆవిడ ఉలిక్కిపడి, తల వంచుకుని నేలను చూస్తూ, డాక్టరును అడగండి, డాక్టరును అడగండి అంటోంది.

నేను వాళ్ళతో కలవలేదు. వాళ్ళు పోయేదాకా ఆగాను. చుట్టూ తిరిగి ఆవిడకు ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, నేను కనపడేలా నిలబడ్డాను. టీ అయ్యేదాకా నోరు తెరవలేదు. అది మర్యాద అని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, నాకు తెలిసింది కార్ఖానా పద్ధతి ఒక్కటే. ఆవిడే తల ఎత్తి, నిన్న గొడవ చేసింది నువ్వే కదా అంది. అవునన్నాను.

"సిస్టర్, తప్పు నాది. మా నాన్నకు చెవులు వినపడవు. కాగితంలో నేను చెప్పలేదు" అన్నాను హిందీలో. గొంతు ఎంత తగ్గించానంటే నాకే వింతగా ఉంది.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. తర్వాత నన్ను తిట్టింది. రెండు రోజులుగా మేం ఒక చెవిటి మనిషి మీద అరుస్తున్నామా, నీకు బుద్ధుందా, మీ తమ్ముడికి నోరు లేదా, ఇంత పెద్ద సంగతి ఎవరైనా మరిచిపోతారా అంది. మరిచిపోలేదని, చెవుడు మాకు జబ్బు కాదని ఆవిడకు ఎలా చెప్పను? నోరు మూసుకుని తిట్లన్నీ తిన్నాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకొకటి చెయ్యలేదు. పైగా ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు, అది ఇంకా కష్టం.

తిట్టడం అయ్యాక, ఇక చేతులు విప్పండి అన్నాను. కుదరదంది. మళ్ళీ మాస్కు పీకితే ఊపిరి పోతుంది, ఆ మంచం కోసం బయట ఎంతమంది ఉన్నారో చూడు అంది. చూశాను. అయినా కదల్లేదు. ఆయన మాట్లాడేది చేతులతో, చేతులు కట్టేస్తే నోరు కుట్టేసినట్టే అన్నాను. ఆ కాగితం కూడా మార్చాలన్నాను. మతి లేదని రాసింది కొట్టేసి చెవుడు అని రాయండి, దాని మీద సంతకం నేను పెడతాను, ఏం జరిగినా నాదే. డాక్టరు రావాలి అంది. వచ్చేదాకా ఉంటానన్నాను. గొంతు తగ్గించాను గానీ అడిగినదాంట్లో ఒక్కటీ తగ్గించలేదు. గేటు మనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆవిడే చెయ్యి ఊపి అతన్ని పొమ్మంది.

"సరే, మొహం విప్పి మాట్లాడలేను. మరి ఎలా చెప్పమంటావు ఆయనకు?" అని అడిగింది.

అప్పుడు ఆ వేపచెట్టు కింద నేను ఆవిడకు మా సాంచల భాష నేర్పాను. నాలుగే నాలుగు సైగలు. ముందు మంచం ఇనుము మీద రెండుసార్లు తట్టాలి. ఆయన కళ్ళు తెరిచాక ఎదురుగా రావాలి. వెనక నుంచి ముట్టుకోవద్దు. ఆవిడ నర్సింగ్ చదివిన మనిషి, నేను కండెలు చుట్టిన మనిషిని. నేను చెప్పినట్టల్లా చెయ్యి తిప్పింది. పిడికిలి ఎటు తిప్పాలో తప్పు చేస్తే, అలా కాదు ఇలా అని దిద్దాను. మరిచిపోకుండా లోపలికి వెళ్ళేముందు కొత్త తెల్లసంచి చేతుల మీద మార్కర్ పెన్నుతో నాలుగు బొమ్మలు గీసుకుంది.

ఫోను నాకే చేసింది. లోపల ఒకతను దాన్ని పట్టుకుంటే నేను బయట నుంచి చూస్తున్నాను. ఆవిడ మంచం పట్టీ మీద తట్టింది, ఒకటి, రెండు. బాపు కళ్ళు తెరిచాడు. ఆవిడ ముందుకొచ్చి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నేల చూపించింది. తర్వాత పిడికిలి తిప్పింది: ఆపకు, నడవనియ్యి. బాపు ఆ తెల్లసంచిని పైనుంచి కిందికి చూశాడు. ఈ పెళ్ళిళ్ళ హాలులో సాంచల మనిషి ఎక్కడి నుంచి వచ్చిందా అన్నట్టు చూశాడు. అప్పుడు కట్టేసి ఉన్న కుడిచేతి బొటనవేలు పైకి లేచింది. పెదవి దాకా రాలేక, గాలిలోనే ఆడింది.

సిస్టర్ తన చేతి మీది బొమ్మలు వెతుక్కుంటోంది. నేను ఇవతల నుంచి చెప్పాను. నీళ్ళడుగుతున్నాడు.

రెండు రోజుల నుంచీ అదే అడుగుతున్నాడు. అడగడానికే మాస్కు తీస్తున్నాడు. తియ్యకు, ఊపిరి పోతుంది అని వాళ్ళు మాస్కుల వెనక నుంచి చెబుతున్నారు. చెప్పింది అందక ఆయన మళ్ళీ తీస్తున్నాడు. అంతకు మించి అందులో ఏ పిచ్చీ లేదు. ఆవిడ మణికట్ల గుడ్డ విప్పి, తల ఎత్తి పట్టుకుని నీళ్ళు తాగించింది. తాగినంతసేపూ ఆయన ఆవిడ చెయ్యి వదల్లేదు. నేను షామియానా కింద నిలబడి ఏడ్చాను, గట్టిగానే ఏడ్చాను, ఎవరేమనుకున్నా నాకేం.

సాయంత్రం డాక్టరు వచ్చాక కాగితం మార్చారు. పాత దాన్ని నా కళ్ళ ముందే అడ్డంగా కొట్టేయించాను. ఆక్సిజన్ మాస్కు మళ్ళీ ఆయన ఒక్కసారి కూడా తియ్యలేదు. పదహారు రోజులకు ఇంటికి పంపించారు.

ఇక్కడితో ఆపేస్తే నేను గొప్పదాన్నయిపోతాను. కానీ బాపు ఇంటికొచ్చిన మొదటి సాయంత్రమే నన్ను ఎదురుగా నిలబెట్టాడు. ఆయన కార్ఖానా మనిషే ఒకడు ఆ తర్వాతి వారం ఆ హాలులోనే పక్క మంచం మీదికి వచ్చాడట. మంచానికి చెవుడు అని చీటీ అంటించింది, సిస్టర్లు సైగలు చేసింది అన్నీ చూశాడట. వాడి నోటి నుంచి మేస్త్రీకి, మేస్త్రీ నుంచి సేఠ్‌కు పోయింది.

"ఎవలు చెప్పుమన్నరు నిన్ను?" అన్నాడు బాపు. "గన్నేండ్లు దాసుకున్న. ఊరంత ఎరుక జేసినవ్."

"నేనే చెప్పిన. మల్ల అడిగినా చెప్త" అన్నాను, పెదవులు బాగా కనపడేలా. "నీకు కోపం రావాల్నంటె ముందు నువ్వు బతికుండాలె గదా."

అంతే, మాటలు బందు. రోజూ రెండు పూటలా అన్నం తీసుకెళ్ళేదాన్ని. పళ్ళెం అందుకునేవాడు, నా నోటి వైపు మాత్రం చూసేవాడు కాదు. చెవులు వినపడని మనిషి మన నోటి వైపు చూడకపోతే ఇక మనం ఉన్నా లేనట్టే. కోపంలో ఆయన నా కంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. నేను అనవలసిన మాట తమ్ముడే అన్నాడు: నువ్వు చేసింది మంచిదే అక్కా, కానీ ఆయనను అడిగి చెయ్యలేదు గదా. నిజమే. అడిగే వీలు లేదని వాడితో వాదించలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం మేస్త్రీ వచ్చాడు. మావైపు మనిషే, బాపుకు పాతికేళ్ళ పరిచయం. మాస్కు గడ్డం కింద ఉంది. లోపలికి రమ్మంటే రాకుండా గుమ్మంలోనే నిలబడి నసిగాడు. సేఠ్ విన్నాడట, పన్నెండు సాంచలు ఇక కష్టమట, ఊడ్చే పనేదైనా ఉంటే చూస్తారట. ముందు అది నిజమో కాదో కనుక్కుని రమ్మన్నారట. ఒక్క మాట లేదని చెప్పన్నా, మిగతాది నేను సర్దిచెప్తాను అన్నాడు. నేను పళ్ళెం పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను. బాపు లేదని ఆ ఒక్క మాట అంటే నేను కిక్కురుమనకూడదని గట్టిగా అనుకున్నాను.

బాపు గోడ పట్టుకుని లేచాడు. ఇంకా ఆయాసం తగ్గలేదు. గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"అవు, చెవుడే" అన్నాడు. ఎదురింట్లోంచి కూడా తలలు బయటికొచ్చాయి. "నలపై ఏండ్లు మీ సాంచల నడుమ నిలవడ్డ. చెవులు మీ కార్ఖాన్లనే వొయినయ్, నా ఇంట్ల వోలే. సేఠ్‌కు గదే చెప్పు. ఊడ్చుడు మాత్రం ఊడ్వ."

మేస్త్రీ కంగారుపడి, జర మెల్లగ మాట్లాడన్నా, గల్లీ అంత వింటున్నరు అన్నాడు.

"మెల్లగ చెప్తె మీకు ఇనవడదు" అన్నాడు బాపు.

ఆ సాంచలు ఆయనకు మళ్ళీ దక్కలేదు. ఎనిమిది నెలల తర్వాత సూరత్ శివార్లలో సచిన్ అనే చోట ఇంకొక షెడ్డులో ఆరు సాంచల మీద చేరాడు, చెవుడని ముందే చెప్పి చేరాడు. అది తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం మేస్త్రీ మెట్లు దిగి వెళ్ళిపోయాక బాపు గుమ్మంలోంచి వెనక్కి తిరిగి, పన్నెండు రోజుల్లో మొదటిసారి, నా నోటి వైపు చూశాడు.

"ఇంకెవలన్న మిగిలిన్రా?" అన్నాడు. "మిగిల్తె వాళ్ళకు గూడ చెప్పిరాపో."